ప్రకృతి మందే కదా అని అశ్రద్ధ వద్దు: మిద్దె తోట మందులు ఎలా దాచాలి, ఎంత దాచాలి



పై వీడియోలో మా మిద్దె మీద ఉన్న మందుల పెట్టె తెరిచి, అందులో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ చూపించాను. వీడియోలో అన్నీ వివరంగా చెప్పడానికి వీలుపడదు కాబట్టి అసలు మాట ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూసే తీరిక లేనివాళ్లు ఇది చదివినా సరిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మందులు దాచే విషయంలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం, మిద్దె తోటలు పెంచేవాళ్లం రసాయన రైతుల కంటే ఎక్కువ అశ్రద్ధగా ఉంటున్నాం. రసాయన మందు కొట్టే రైతుకి తన చేతిలో ఉన్నది విషమని తెలుసు. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటుంది, వాసన ముక్కు పగలగొడుతుంది. మనకేమో "ఇది సహజం, ఏమీ కాదు" అన్న ధీమా. ఆ ధీమాతోనే వేపనూనె సీసా వంటనూనె పక్కన చేరుతుంది. పొగాకు కషాయం కూల్‌డ్రింక్ బాటిల్లోకి వెళ్తుంది. మైలుతుత్తం క్యారీబ్యాగ్‌లో మూట కట్టుకుని పప్పు డబ్బాల వెనక కూర్చుంటుంది.

ఇంకొక మాట కూడా ఇప్పుడే చెప్తాను. "సార్, ఈ మందులు ఏళ్ల తరబడి పాడవకుండా ఎలా నిల్వ పెట్టుకోవాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ఏళ్ల తరబడి నిల్వ పెట్టుకునే అవసరం లేకుండా చూసుకోవడమే మంచి పద్ధతి అని నా జవాబు. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు మన అరలో ఏముందో చూద్దాం

"మా ఇంట్లో కెమికల్సే లేవండి" అంటారు. ఒకసారి మెట్ల కింద, బాల్కనీ మూల, వాష్ ఏరియా అలమరా తెరిచి చూడండి. వేపనూనె, దాంతో కలిపే సబ్బు ద్రావణం, బూజు తెగుళ్లకి గంధకం పొడి, బోర్డో మిశ్రమం కోసం మైలుతుత్తం, సున్నం ఉంటాయి. వేర్లు కుళ్లకుండా అని ఎవరో చెబితే కొన్న హైడ్రోజన్ పెరాక్సైడ్, తొట్లు కడగడానికి పర్మాంగనేట్, ట్యాంకు కడగడానికి బ్లీచింగ్ పొడి ఉంటాయి. పూత కోసం కొన్న 13-0-45 ప్యాకెట్టు సగం వాడి రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. ఎలుకల మందు ఉంటుంది. ప్రకృతి వైపు రాకముందు కొన్న పురుగుమందు సీసా ఒకటి "పారేయలేక" అలాగే ఉండిపోతుంది. వీటికి తోడు మనం కాచిన దశపర్ణి, అగ్నాస్త్రం సీసాలు.

ఇరవై కుండీల తోటకి పది పన్నెండు రకాల పదార్థాలు! వీటిలో సగం రసాయనాలే. మిగతా సగం సహజమైనవి, కానీ వాటిలో చాలావరకు విషాలే.

పురుగుని చంపేది మనల్ని వదిలిపెడుతుందా?

ఇక్కడ కొంచెం సూటిగా మాట్లాడుకుందాం. దశపర్ణిలో మనం వేసే ఆకులేంటి? వేప, కానుగ, సీతాఫలం, ఆముదం, ఉమ్మెత్త, జిల్లేడు. కొందరు గన్నేరు కూడా వేస్తారు. పశువు ముట్టని ఆకులు తీసుకోండి అని మనమే చెప్తాం. పశువు ఎందుకు ముట్టదు? విషం కాబట్టి. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపొలమిన్ ఉంటాయి, తిన్న మనిషికి మతి తప్పుతుంది. గన్నేరులో ఉండే పదార్థాలు గుండె కొట్టుకునే తీరునే చెడగొడతాయి. ఆముదం గింజలో రిసిన్ ఉంటుంది, అది చాలా తీవ్రమైన విషం.

పొగాకు సంగతి మన ప్రకాశం జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. తడిసిన పచ్చి పొగాకు పట్టుకుని పనిచేసేవాళ్లకి తల తిరగడం, వాంతులు రావడం నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోవడం వల్లే. డాక్టర్లు దీన్ని గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అంటారు. పొగాకు నుంచి తీసిన నికోటిన్ సల్ఫేట్‌ని ఒకప్పుడు పురుగుమందుగా అమ్మేవారు, ఇప్పుడు మన దేశంలో దాని వాడకం నిషేధం. పొగాకు సహజమే, నికోటిన్ కూడా సహజమే. అయినా నిషేధించారు.

వేపనూనె మరీ అమాయకంగా కనిపిస్తుంది. పంటి నొప్పికీ, దోమలకీ వాడతాం కదా అనుకుంటాం. కానీ జలుబు, దగ్గుకి మంచిదని పసిపిల్లలకి వేపనూనె తాగిస్తే ఫిట్లు వచ్చి, ప్రాణం మీదికి వచ్చిన కేసులు 1980ల నుంచే వైద్య పత్రికల్లో ఉన్నాయి. చెట్టు మీద చల్లడానికి బ్రహ్మాండమైనది పాప కడుపులోకి పోతే ప్రమాదమే.

ఇదంతా కషాయాలు మానేయమని చెప్పడానికి కాదండి. నేనూ కాస్తాను, నేనూ కొడతాను. ఎండకీ, గాలికీ, సూక్ష్మజీవులకీ ఇవి తొందరగా విరిగిపోతాయి, కూరగాయల్లో అవశేషాలుగా మిగలడం తక్కువ. మొక్క మీద పడ్డాక అది లాభమే. సీసాలో ఉన్నంతసేపు మాత్రం విషాన్ని విషంలాగే చూడాలి.

సీసా మార్చడమే పెద్ద తప్పు

2013 జూలై 16న బీహార్‌లోని సారన్ జిల్లాలో ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. అంతకుముందు పురుగుమందు పెట్టిన డబ్బాలో నూనె పోశారని అధికారులు అప్పట్లో చెప్పారు. మోనోక్రోటోఫాస్ మనకి కొత్త పేరేం కాదు, మన పత్తి చేలల్లో ఎన్ని లీటర్లు కొట్టారో లెక్కే లేదు. ఆ పిల్లలని చంపింది పొలంలో కొట్టిన మందు కాదు, డబ్బా మారిన మందు.

మిద్దె తోటల్లో ఈ తప్పు తలకిందులుగా జరుగుతుంది. మందు డబ్బాలో ఆహారం పోయం గానీ, ఆహారం సీసాలో మందు పోస్తాం. కాచిన కషాయం వడగట్టి ఖాళీ వాటర్ బాటిల్లో, జ్యూస్ బాటిల్లో, ఆవకాయ జాడీలో పోస్తాం. పొగాకు కషాయం చూడటానికి కూల్‌డ్రింక్ లాగే ఉంటుంది. మైలుతుత్తం నీలం పటికబెల్లంలా మెరుస్తుంది. కొన్ని ఎలుకల మందులు టూత్‌పేస్టు లాగా ట్యూబులో వస్తాయి. నాలుగేళ్ల పిల్లాడికి చదవడం రాదు, సీసా ఆకారం మాత్రం గుర్తుంటుంది. వేసవి మధ్యాహ్నం మిద్దె మీద ఆడుకుని దాహమేసిన పిల్లాడికి కనిపించేది కూల్‌డ్రింక్ సీసానే.

"మా ఇంట్లో చిన్నపిల్లలు లేరండి" అనే పెద్దవాళ్లకి ఒక మాట. సంక్రాంతికి మనవలు వస్తారు. వేసవి సెలవులకి వస్తారు. పనమ్మాయి తన పాపని వెంట తెస్తుంది. చూపు తగ్గిన మన పెద్దవాళ్లు రాత్రిపూట చీకట్లో చెయ్యి చాపి సీసా అందుకుంటారు. ఇవన్నీ ఉన్న ఇల్లే మన ఇల్లు.

కాబట్టి నియమం ఒకటే: కొన్న మందు దాని డబ్బాలోనే ఉండాలి. కాచిన మందు తినే, తాగే వస్తువుల సీసాల్లోకి ఎప్పటికీ పోకూడదు. పురుగుమందుల డబ్బా మీద డైమండ్ ఆకారంలో ఉండే రంగు గుర్తు విషతీవ్రతని చెప్తుంది. ఎరుపు అత్యంత తీవ్రం, తర్వాత పసుపు, నీలం, చివరిది ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగొచ్చని కాదు, మిగతా మూడింటి కంటే తక్కువ అని. సీసా మారిస్తే ఈ సమాచారం అంతా పోతుంది. ఆస్పత్రిలో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నకి మన దగ్గర జవాబు ఉండదు.

మూడు కుప్పలు చేయండి

మీ అరలో ఉన్నదంతా కింద దింపి మూడు కుప్పలుగా విడదీయండి.

మొదటి కుప్ప: నిల్వ ఉండేవి. మైలుతుత్తం, గంధకం లాంటి పొడులు పొడిగా ఉంచితే ఏళ్ల తరబడి పాడవవు. మైలుతుత్తాన్ని గాజు సీసాలో గానీ, మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో గానీ పెట్టండి. ఇనుము, అల్యూమినియం డబ్బాల్లో పెడితే తడి తగిలినప్పుడు డబ్బానే తినేస్తుంది. బోర్డో మిశ్రమం ఇనప పాత్రలో కలపొద్దని చెప్పేది కూడా ఇందుకే. సున్నం సంగతి వేరు. కాల్చిన రాతి సున్నానికి నీళ్లు తగిలితే సలసల కాగినంత వేడి పుడుతుంది, అందుకే దాన్ని వాన జల్లు పడే చోట పెట్టకూడదు. తడిపిన పొడి సున్నం మూత వదులుగా ఉంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని సుద్ద అయిపోతుంది. అప్పుడు అది బోర్డోకి పనికిరాదు. ఏ సున్నమైనా కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, తాంబూలం సున్నం ప్యాకెట్టు నొక్కి కళ్లు పోగొట్టుకున్న పిల్లలు మన దేశంలో ఉన్నారు.

రెండో కుప్ప: మెల్లగా చచ్చిపోయేవి. వేపనూనెలో పనిచేసే అజాడిరక్టిన్ ఎండకీ, వేడికీ విరిగిపోతుంది. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ బతికున్న జీవులు. వేడి తగిలితే ప్యాకెట్టులోనే చచ్చిపోతాయి, మనం పొడి మాత్రమే చల్లుకుంటాం. హైడ్రోజన్ పెరాక్సైడ్ వెలుతురుకి విరిగి నీళ్లు, ఆక్సిజన్ అవుతుంది. ఆ ఆక్సిజన్‌కి బయటికి దారి ఉండాలి, అందుకే దాన్ని వేరే సీసాలో పోసి గట్టిగా మూత బిగించకూడదు, సీసా ఉబ్బి పగులుతుంది. బ్లీచింగ్ పొడి కూడా నెలలు గడిచేకొద్దీ బలం తగ్గుతూ పోతుంది. వీటి మీద గడువు తేదీ చూసి, ఒక సీజన్‌కి సరిపడా మాత్రమే కొనాలి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా. ఆ ఎండలో మిద్దె మీద రేకుల గదిలో పెట్టిన ట్రైకోడెర్మా బతుకుతుందని ఆశపడటం దండగ.

మూడో కుప్ప: అసలు నిల్వ చేయకూడనివి. కలిపిన బోర్డో మిశ్రమం ఆ రోజే వాడేయాలి. జీవామృతం తయారైన వారం పది రోజుల్లో అయిపోవాలి. అది బతికున్న ద్రావణం, అందులో గ్యాస్ పుడుతూనే ఉంటుంది. అందుకే డ్రమ్ము మీద గోనెపట్టా కప్పుతాం, మూత బిగించం. దాన్ని క్యానుల్లో బిగించి నెలల తరబడి అమ్మేవాళ్లని చూస్తే నాకు రెండు అనుమానాలు వస్తాయి. లోపల జీవం ఉంటే క్యాను పేలాలి. పేలలేదంటే జీవం లేదు. జీవామృతాన్ని నిల్వ ఉంచాలనే కోరిక ఉంటే ఘన జీవామృతం చేసుకోండి, బాగా ఆరబెట్టి గోనెసంచిలో నీడన పెడితే నెలల తరబడి ఉంటుంది.

మూడో కుప్పలో ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి, ప్రకృతి వైపు రాకముందు కొన్న పాత పురుగుమందులు, గడ్డి మందులు. పారాక్వాట్ గడ్డి మందుకి ఈ రోజుకీ విరుగుడు లేదు, దాన్ని ఇంట్లో పెట్టుకోవడానికి ఒక్క కారణం కూడా లేదు. రెండోది బియ్యం మూటల్లో పెట్టే బిళ్లలు. అల్యూమినియం ఫాస్ఫైడ్ గాలిలో తేమకే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. నిబంధనల ప్రకారం అది మామూలు ఇళ్లకి అమ్మకూడనిది, అయినా దొరుకుతోంది. పడకగది ఉన్న ఇంట్లో ఆ బిళ్ల ఉండకూడదు. జింక్ ఫాస్ఫైడ్ ఎలుకల మందు కూడా తడి తగిలితే అదే వాయువు వదులుతుంది.

పక్కపక్కన పెట్టకూడనివి

మందులన్నీ ఒకే డబ్బాలో కుక్కేయడం మనకి అలవాటు. కొన్నింటికి మాత్రం ఒకదాని పొడ ఇంకోదానికి గిట్టదు.

పర్మాంగనేట్, పెరాక్సైడ్, బ్లీచింగ్ పొడి, 13-0-45 లాంటి నైట్రేట్ ఎరువులు తమంతట తాము మండవు గానీ మంటని విపరీతంగా పెంచుతాయి. వీటిని గంధకం, నూనెలు, గ్లిజరిన్, బెల్లం, కోకోపీట్, పాత గోనెసంచులకి దూరంగా, వేరే పెట్టెలో పెట్టాలి. ఈ నాలుగింటిని కూడా ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడి డబ్బాల్లో ఉంచాలి.

మన ప్రకృతి వ్యవసాయదారులు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. గోమూత్రం పెట్టిన డ్రమ్ముని బ్లీచింగ్‌తో కడగొద్దు. నిల్వ ఉన్న గోమూత్రంలో అమ్మోనియా ఉంటుంది, ఆ ఘాటు వాసన దాందే. బ్లీచింగ్ తగిలితే క్లోరమిన్ అనే వాయువు పుట్టి కళ్లు, ఊపిరితిత్తులు మండుతాయి. బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వస్తుంది, అది ఇంకా ప్రమాదం. డ్రమ్ము కడగడానికి నీళ్లు, కొబ్బరి పీచు, తర్వాత రెండు రోజుల ఎండ చాలు.

తాళం వేస్తే సరిపోతుందా?

తాళం తప్పకుండా వేయండి. పిల్లల విషయంలో తాళానికి మించింది లేదు. కానీ తాళం ఉంది కదా అని ఎంతైనా నిల్వ పెట్టుకోవచ్చనే వాళ్లకి శ్రీలంక అనుభవం చెప్పాలి.

అక్కడ అనురాధపుర ప్రాంతంలో 180 ఊళ్లలో, యాభై వేలకి పైగా ఇళ్లతో ఒక పెద్ద అధ్యయనం చేశారు. సగం ఊళ్లలో ఇంటింటికీ పురుగుమందులు దాచుకోవడానికి తాళం పెట్టెలు ఇచ్చారు, సగం ఊళ్లలో ఇవ్వలేదు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. పురుగుమందు తాగి ప్రాణం తీసుకోబోయే ఘటనలు తాళం పెట్టెలు ఇచ్చిన ఊళ్లలో తగ్గలేదు. అదే శ్రీలంకలో మరీ విషపూరితమైన మందులని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ పోయాక, 1995 నుంచి ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది.

ఇంటి తాళం చెవి ఇంట్లోవాళ్లకి తెలుసు. బాధలో ఉన్న మనిషికి ఆ ఒక్క గంట చేతికి అందేంత దూరంలో విషం లేకపోతే, ఆ గంట గడిచిపోతుంది, మనిషి మిగులుతాడు. మన తెలుగు నేలలో ఎన్ని పల్లెల్లో ఎన్ని కుటుంబాలు ఈ బాధ పడ్డాయో మీకు నేను చెప్పాలా? పురుగుమందు మానేయడం నేల కోసం, తిండి కోసం అని చెప్తుంటాం. ఇంట్లో విషం లేకుండా పోవడం కూడా అంతే పెద్ద లాభం అని నేను నమ్ముతాను. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

అందుకే నేను తాళం కంటే ముందు తూకం గురించి మాట్లాడతాను. ఒక లెక్క చూడండి. ఒక శాతం బోర్డో మిశ్రమానికి లీటరు నీళ్లకి పది గ్రాముల మైలుతుత్తం, పది గ్రాముల సున్నం. నూరు గ్రాములతో పది లీటర్లు వస్తుంది. కిలో కొంటే నూరు లీటర్లు. ఇరవై కుండీలకి నూరు లీటర్లు ఎన్నేళ్లకి కొడతాం? వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, ఒక్కసారికి రెండు లీటర్ల ద్రావణం చాలనుకుంటే పది మిల్లీలీటర్లు. వారం వారం కొట్టినా అర లీటరు సీసా ఏడాది వస్తుంది. ఐదు లీటర్ల క్యాను తక్కువ ధరకి వస్తుందని కొంటే, మొదటి అర లీటరు తర్వాత మిగిలేది బలం లేని నూనె, నిండా ఒక ప్రమాదం.

మందుల పెట్టె ఎలా ఉండాలి?

వీడియోలో చూపించిన పెట్టె పద్ధతి ఇది. ఖర్చు పెద్దగా ఉండదు.

1. చోటు: నీడ, గాలి, పొడి ఉండాలి. వంటగది, పూజగది, విత్తనాల అర, పశువుల దాణా, మంచినీళ్ల ట్యాంకు దగ్గర వద్దు. కరెంటు మీటరు, ఇన్వర్టర్ ఉన్న మెట్ల కింద అసలే వద్దు.

2. పెట్టె: మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలు రెండు. మంట పెంచే రకాలు ఒకదాంట్లో, మిగతావి రెండోదాంట్లో. రెండింటికీ తాళం. చిన్నపిల్లల చేతికి అందని ఎత్తు. రెండు పెట్టెలూ ఒకే చోట ఉండకూడదు.

3. అమరిక: పొడులు పైన, ద్రవాలు కింద. సీసా కారితే పొడుల మీద పడకూడదు. ద్రవాల కింద అంచున్న ప్లాస్టిక్ ట్రే పెట్టండి.

4. చీటీ: కాచిన ప్రతి కషాయం మీద నాలుగు ముక్కలు రాయాలి. పేరు, వేసినవి, కాచిన తేదీ, ఎప్పటిలోపు వాడాలి. "దశపర్ణి" అని మాత్రమే రాస్తే డాక్టరుకి అర్థం కాదు, అందులో ఉమ్మెత్త ఉందా, గన్నేరు ఉందా రాయండి. పెన్సిల్‌తో రాసి పైన పారదర్శక టేపు అంటించండి, స్కెచ్ పెన్ను అక్షరాలు ఎండకి వెలిసిపోతాయి.

5. కొలతలు: మందు కొలిచే చెంచా, గ్లాసు, జల్లెడ పెట్టెలోనే ఉండాలి. వంటగది గ్లాసు "ఒక్కసారికే" తీసుకెళ్లడం వద్దు.

6. తనిఖీ: ఏడాదికి రెండుసార్లు. వానలు మొదలయ్యే ముందు ఏరువాక పున్నమికి ఒకసారి, దసరా ఆయుధ పూజకి ఒకసారి. కొడవలి, పార కడిగి బొట్టు పెట్టే రోజున ఈ పెట్టె కూడా తెరవండి. గడువు దాటినవి, చీటీ ఊడినవి, ఉబ్బిన సీసాలు బయటికి తీయండి.

తీసేసినవి ఏం చేయాలి?

కాలువలో పోయొద్దు. రాగి చేపలకి విషం, మైలుతుత్తం చెరువులోకి పోతే ఏం జరుగుతుందో ఊహించుకోండి. తగలబెట్టొద్దు, పెరట్లో పాతిపెట్టొద్దు. గడువు ఉండి, డబ్బా సరిగ్గా ఉన్న వేపనూనె, గంధకం లాంటివి ఇంకో తోట వాళ్లకి ఇచ్చేయండి, డబ్బాతో సహా. జీవామృతం మిగిలితే నీళ్లు కలిపి చెట్ల మొదట్లో పోసేయండి, కంపోస్టు మీద చల్లేయండి.

పాత పురుగుమందులు వేరే సంగతి. పురుగుమందు డబ్బాలు ఇళ్లలో వచ్చే ప్రమాదకర చెత్త కిందికి వస్తాయి, స్థానిక సంస్థ వాటిని విడిగా సేకరించాలి అని 2016 చెత్త నిర్వహణ నిబంధనల్లోనే చెప్పారు. మన మున్సిపాలిటీల్లో ఇది సరిగ్గా జరగడం లేదు, ఆ మాట నిజమే. అయినా చెత్త బండికి మామూలు చెత్తతో కలిపి ఇస్తే, చేతులతో ఏరే కార్మికుల మీద పడుతుంది. విడిగా మూట కట్టి, "విషం" అని రాసి, చెప్పి ఇవ్వండి. వార్డు ఆఫీసులో అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే ఏర్పాటు వస్తుంది. ఖాళీ డబ్బాని మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రే ట్యాంకులోనే పోసి, డబ్బాకి చిల్లులు పొడిచి ఇవ్వండి, మళ్లీ ఎవరూ నీళ్లకి వాడకుండా.

జరగరానిది జరిగితే

కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో కనీసం పదిహేను నిమిషాలు కడగాలి. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో కడగాలి. మింగితే వాంతి చేయించొద్దు, ఉప్పు నీళ్లు, పాలు, చింతపండు పులుసు లాంటివి తాగించొద్దు. 108కి ఫోన్ చేసి, సీసా లేదా చీటీ వెంట తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. ఈ నంబర్లు పెట్టె మూత లోపల అంటించండి.

చివరిగా నేను కోరేది

ప్రతి ఇంట్లో ప్రతి మందూ ఉండాల్సిన పని లేదు. మన ఊళ్లలో కషాయాలు, వేపపిండి అమ్మే ఎన్‌పీఎం షాపులు ఉన్నాయి. ఒకరు కాస్తారు, ఊరంతా కావాల్సినంత తెచ్చుకుంటుంది. పట్నం మిద్దె తోటలకీ ఇదే పద్ధతి రావాలి. ఒక కాలనీలో పది ఇళ్లు తోటలు పెంచుతుంటే పది కిలోల మైలుతుత్తం అక్కర్లేదు, అందరికీ కలిపి ఒక కిలో, ఒక పెట్టె, ఒక బాధ్యత గల మనిషి చాలు. మనకి అమ్మేవాళ్లు కూడా 50 గ్రాములు, 100 గ్రాముల ప్యాకెట్లు ఇవ్వాలి. తెలుగులో స్పష్టంగా లేబుల్ వేయాలి, తయారీ తేదీ లేని "ఆర్గానిక్" సీసా మనం కొనకూడదు. పేరు బాగుందని, ఆకు బొమ్మ ఉందని కొంటే లోపల ఏముందో మనకి తెలియదు.

విషం లేని తిండి కోసం మిద్దెక్కిన వాళ్లం మనం. విషం లేని ఇల్లు కూడా అందులో భాగమే. ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. అరలో ఉన్నవన్నీ కిందికి దింపండి, మూడు కుప్పలు చేయండి. మీ దగ్గర ఎన్ని చీటీ లేని సీసాలు బయటపడ్డాయో, వాటిని ఏం చేశారో కింద రాయండి. మీ ఊరి మున్సిపాలిటీ పాత మందు డబ్బాలు విడిగా తీసుకుంటుంటే అది కూడా రాయండి, మిగతా ఊళ్లవాళ్లు తమ దగ్గర అడగడానికి ఉపయోగపడుతుంది.

ఉంటానండి.